పదహారు బిట్ల గొల్లభామ

“మళ్ల ఒక్కసారి నొక్కు బిడ్డా. ఈసారి తెరుచుకుంటదేమో.”

“ఏడుసార్లు నొక్కిన సార్. వందసార్లు నొక్కినా గదే మాట చెప్తది.”

“ఏం చెప్తది? జర జరుగు, నేను చదువుత. ‘ది వెర్షన్ ఆఫ్ దిస్ ఫైల్ ఈజ్ నాట్ కంపాటిబుల్ విత్ ది వెర్షన్ ఆఫ్ విండోస్ యూ ఆర్ రన్నింగ్...’”

“మెల్లగ చదివినా సరిపోతది సార్. పక్కనే ఉన్న.”

“అలవాటు బిడ్డా. నలభై ఏండ్లు ప్రెస్సు నడిపిన. కండ్ల ముంగట అక్షరం వడ్డదంటే నోట్లకెళ్లి బయటికి రావాల్సిందే, అది నా చేతుల లేదు. ప్రూఫు గట్టిగ చదివితెనే తప్పు దొరుకుతది.”

2011 అక్టోబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. సిద్దిపేటలో బస్సు లేదు, బడి లేదు. కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి పోతోంది. ఇంటింటికీ తిరిగి కంప్యూటర్లు బాగుచేసే మునీరా ఆ మధ్యాహ్నం యాదగిరి ఇంట్లో, యాదగిరి కుర్చీలోనే కూర్చుంది. ఈ మనిషి ఎదుటికి ఎప్పుడో ఒకప్పుడు రావాలని ఆమె పద్నాలుగేళ్లుగా పళ్లు కొరుక్కుంటోంది. ఆయన లెక్కలో మాత్రం ఆమె షాపువాళ్లు పంపిన పిల్ల.

“ఆఖరి లైను ఇడిసిపెట్టిన్రు సార్.”

“ఏది? ‘కాంటాక్ట్ ది సాఫ్ట్‌వేర్ పబ్లిషర్.’ అంటే?”

“దీన్ని తయారు చేసినోళ్లనే అడుగున్రి అంటుంది.”

“అంటే ఎవరిని?”

“మిమ్మల్నే. గొల్లభామను తయారు చేసింది మీరే కద?”

“నేనే, నేనే. అండ్ల అనుమానమేంది? మొదటి తెర మీదనే ఉంటది, ‘గొల్లభామ తెలుగు అక్షరాలు, రచన యాదగిరి’ అని. మన సిద్దిపేట చీర పేరు పెట్టిన. తొంభై ఏడుల సంగతి. అప్పటికి ఈ చుట్టుపక్కల కంప్యూటర్ల తెలుగు అక్షరం చూసినోడు లేడు.”

“మరి మిమ్మల్ని అడగమంటుంది కద, అడుగుతున్న. ఎందుకు నడుస్తలేదు?”

“నన్నడిగితే? నువ్వు మెకానిక్కువా, నేనా? పాత కంప్యూటర్ల మంచిగ లేచేది. కరెంటు వచ్చుడు పోవుడుకు అది కాలిపోయింది. మీ షాపోళ్లే అండ్ల ఉన్నదంత ఈ కొత్తదాంట్లకు ఎక్కిచ్చిన్రు. మిగిలినయన్ని నడుస్తున్నయి. ఇదొక్కటే మొండికేసింది. ఏందది, కీబోర్డు మీద ఊదుతున్నవు? మొన్ననే కొన్నది, దుమ్ము లేదు.”

“అలవాటు సార్. మీకు చదువుడెట్లనో నాకు ఊదుడట్ల.”

“సరే, ఊదుకో. నడిపియ్యి గంతే. రేపు పొద్దున పదకొండు గంటలకు సమ్మె శిబిరం కాడ నాకు సన్మానం. సార్లు, ఉద్యోగులు, పిల్లలు, ఊరు ఊరంత కూసుంటది. పెద్ద తెర కడుతున్నరు. ‘మీకు తెలివి లేదు, మీకు చాతగాదు’ అన్నోళ్లందరికి జవాబు చెప్పాలె. సిద్దిపేటోడు పద్నాలుగేండ్ల కిందనే కంప్యూటర్ల తెలుగు రాసిండు, ఇగో చూడున్రి అని నా చేతులతోని కొట్టి చూపెట్టాలె. చూపెట్టకపోతే నా మొకం ఏడ పెట్టుకోను?”

“గదే సార్, ఏడ పెట్టుకుంటరు.”

“ఏమంటున్నవు?”

“ఏం లేదు సార్. కారణం చెప్త, వింటరా? కాలిపోయిన మీ పాతది ముప్పై రెండు బిట్లది. ఈ కొత్తది అరవై నాలుగు బిట్లది. గొల్లభామ పదహారు బిట్లది.”

“నాకు ఎక్కాలు చెప్పకు.”

“ఎక్కాలు కాదు. బిట్లు అంటే, కంప్యూటర్ ఒక్కసారికి ఎంత చేతిలకు తీసుకోగలుగుతదో గంత. పదహారుది చిన్న చెయ్యి. అరవై నాలుగుది పెద్ద చెయ్యి.”

“పెద్దదాంట్ల చిన్నది పట్టాలె గదా? పెద్ద మిషిన్ మీద చిన్న కాగితం కొట్టమా మేము? పోస్టర్ కొట్టే మిషిన్ మీదనే విజిటింగ్ కార్డులు గూడ కొడ్తం.”

“మంచిగ చెప్పిన్రు. గందుకే మీ ముప్పై రెండు బిట్ల ప్రోగ్రాములన్ని దీంట్ల నడుస్తున్నయి. ఇగో, సీ డ్రైవుల చూడున్రి, రెండు అల్మారాలు ఉన్నయి.”

“‘ప్రోగ్రాం ఫైల్స్.’ ‘ప్రోగ్రాం ఫైల్స్, ఎక్స్ ఎయిటీ సిక్స్.’”

“మొదటిది అరవై నాలుగోళ్లది. రెండోది ముప్పై రెండోళ్లది. ఈళ్ల మాట ఆళ్లకు తెల్వది. మధ్యల మాట మార్చి చెప్పెటోడు ఒకడు విండోస్‌లనే కూసోని ఉంటడు. వాడున్నడు కాబట్టి ముప్పై రెండోళ్లకు ఏం కిరికిరి లేదు.”

“ఉల్టా అయితే? అరవై నాలుగోడు పాతదాంట్లకు పోతే?”

“అసలే పోడు. చిన్న మిషిన్ల పెద్ద కాగితం దూరుతదా?”

“దూరది. మరి నా పదహారోడు ఏం పాపం చేసిండు? వాడింకా చిన్నోడే గద?”

“చిన్న పెద్ద సంగతి కాదు సార్. మీ ప్రెస్సుల సీసం అక్షరాలుండె కద?”

“ఉండె. పన్నెండు కేసులు, గళ్ల పెట్టెలు.”

“గా అక్షరాలు పేర్చి, చట్రంల బిగిచ్చి, తీసుకపోయి ఆఫ్‌సెట్ మిషిన్ మీద ఎక్కియ్యుమంటే ఎక్కిస్తరా?”

“ఎట్లెక్కిస్త? తెలివుండే అంటున్నవా? ఆఫ్‌సెట్‌ల సీసం పెట్టే జాగనే ఉండది. ప్లేటు చుట్టాలె.”

“మిషిన్ పెద్దదే కద?”

“పెద్దదైతే ఏంది? పద్ధతే వేరు!”

“గంతే. ముప్పై రెండు బిట్ల విండోస్‌ల ముసలోళ్ల కోసం అని ఒక మూలకు పదహారు బిట్ల జాగ ఉంచిన్రు. అరవై నాలుగుల ఆ జాగనే తీసేసిన్రు. గొల్లభామ వచ్చి తలుపు కొడ్తుంది, లోపల తీసెటోడు లేడు.”

“గిప్పుడు సమజైంది. మరి నాకు గీ అరవై నాలుగుది ఎవడు అంటగట్టిండు?”

“మీరే అడిగిన్రట. షాపుల చెప్పిన్రు. మెమరీ నాలుగు జీబీ చాలు అంటే, ఎనిమిది పెట్టున్రి, ఊర్ల ఎవ్వనికి లేనిది నాకుండాలె అన్నరట. ముప్పై రెండుకు నాలుగు జీబీ కంటె ఎక్కువ కనవడది. గందుకే అరవై నాలుగు పెట్టిన్రు.”

“అన్న. అంటే తప్పా?”

“తప్పెందుకయితది సార్, మీ ఇష్టం. ఇంకో తొవ్వ ఉన్నది గని, అది మీ చేతులనే ఉన్నది.”

“చెప్పు, చెప్పు.”

“తయారు చేసినోళ్ల దగ్గర అసలు రాత ఉంటది. ప్రోగ్రాం పుట్టిన రాత. అది నాకిస్తే కొత్తదానికి సరిపోయేటట్టు మళ్ల కట్టొచ్చు. మీరు ఏ భాషల రాసిన్రు?”

“ఏ భాష ఏంది? తెలుగులనే!”

“అక్షరాలు కాదు సార్. ప్రోగ్రాం. సీలనా, పాస్కల్లనా, అసెంబ్లీలనా?”

“అసెంబ్లీ మాట ఎత్తకు బిడ్డా. మనోళ్లంత రాజీనామాలు చేసి కూసున్నరు. నవ్వుతున్నవేంది?”

“నవ్వుతలేను సార్. పోనీ, ఇది చెప్పున్రి. ‘స్త్రీ’ అని కొడితే సకు తావత్తు, రావత్తు రెండు దిగాలె, పైన గుడి దీర్ఘం పడాలె. ఒకటి మీద ఒకటి ఎక్కకుంట ఎట్ల ఆపిన్రు? ఏ లెక్క కట్టిన్రు?”

“గివన్ని ఇప్పుడు గుర్తుంటయా? పద్నాలుగేండ్లాయె.”

“రాసినోళ్లకు గుర్తుంటది సార్. రెండేండ్లు నిద్ర లేకుంట కూసోని రాసినోళ్లకు సచ్చేదాక గుర్తుంటది.”

“నేను చెప్పుతుంటే టైపు కొట్టెటోడు ఒకడుండె. కంపోజిటర్. గా ఒత్తులు గిత్తులు వాడు చూసుకునేది.”

“ఎవరు సార్?”

“హనీఫని. ఇడిసిపెట్టు, వాని పేరెందుకు? దొంగ. అన్నం పెట్టిన ప్రెస్సుల ఫ్లాపీలు ఎత్తుకపోయిండు. ప్రెస్సు ఓనర్లందరిని పిలిచి నలుగుర్ల నిలబెట్టిన. ఠాణాకు పోలేదంటే నా మంచితనం.”

“మీరు కండ్లతోని చూసిన్రా ఎత్తుకపోంగ?”

“చూసుడెందుకు? వాడు తప్ప ఎవడు తీస్తడు? నువ్వు నీ పని చూసుకో బిడ్డా. నువ్వెవరు నన్ను సవాల్ జవాబ్ చేయనీకె?”

“తప్పయింది సార్. ఫోన్ మోగుతుంది, చూసుకోన్రి. శిబిరం నుంచేమో.”

“హలో! ఆఁ, నేనే. తెర ఎంత పెద్దది కడుతున్నరు? ఆగు, ఇంట్ల సిగ్నల్ అందుతలేదు...”

ఆయన మాట్లాడుకుంటూ వాకిలి దాటి వీధిలోకి పోయాడు. పది నిమిషాల తర్వాత వంటింట్లోంచి ఆయన భార్య సుమిత్రమ్మ చాయ్ పట్టుకొచ్చింది.

“చాయ్ తాగు బిడ్డా.”

“వద్దమ్మా. ఈ ఇంట్ల నేను మంచినీళ్లు గూడ తాగ.”

“నాకెరుకే. హనీఫ్ బిడ్డవు గదా నువ్వు.”

“ఎవరు చెప్పిన్రు మీకు?”

“ఎవరు చెప్పాలె? కీబోర్డు మీద మూడుసార్లు ఊదినవు. వంటింట్ల నుంచి చూసిన. సీసం కేసు ముంగట కూసున్నా, కంప్యూటర్ ముంగట కూసున్నా హనీఫ్ గట్లనే ఊదెటోడు. కంప్యూటర్ల సీసం దుమ్ము ఏడిదిరా అంటే నవ్వెటోడు. నిన్ను సైకిల్ మీద ముంగట కూసోబెట్టుకొని తెచ్చేది ప్రెస్సుకు. గౌను నిండ సిరా చేసుకునేదానివి.”

“గుర్తువట్టిన్రు కద. పోయి చెప్పున్రి మీ ఆయనకు.”

“చెప్పేదుంటే చాయ్ ఎందుకు తెస్త? హనీఫ్ ఎట్లున్నడు?”

“లేడు. పోయి రెండేండ్లయింది.”

“అయ్యో... నాకు తెల్వది బిడ్డా. నాకు తెల్వనే తెల్వది.”

“మీకెందుకు తెలుస్తది? ఊర్ల ఒక్క ప్రెస్సు గూడ పని ఇయ్యలే. దొంగకు సీసం ఎట్ల అప్పజెప్తమన్నరు. హుస్నాబాద్ రోడ్డు మీద పంక్చర్లు ఏసుకుంట బతికిండు. ‘స్త్రీ’కి రెండు ఒత్తులు కూసోబెట్టిన చేతులతోని సైకిల్ ట్యూబులు నీళ్లల్ల ముంచిండు. సచ్చేముందు గూడ ఒక్కటే మాట, నేను దొంగతనం చెయ్యలే బేటీ, చెయ్యలే అని. ఎవరన్నరు చేసినవని? నేనన్ననా, మా అమ్మీ జోహ్రా అన్నదా? అన్నది మీ ఆయన. మళ్ల రేపు శాలువ మీ ఆయనకు.”

“ఇప్పుడు ఏం చేద్దామని వచ్చినవు?”

“చేద్దామని కాదు, చేసేసిన. షాపుల మీ ఇంటి పేరు వినవడంగనే నేను పోత అని సంచి పట్టుకున్న. మీ ఆయన ఫోన్ పట్టుకొని అటు మళ్లంగనే గొల్లభామను తుడిచేసిన. చెత్తబుట్టల గూడ లేదు. పాత కంప్యూటర్ డిస్కు నిన్ననే మా షాపుల తుడిచిన్రు. ఇగ భూమ్మీద ఏడ గూడ లేదు అది. రేపు ఊరందరి ముంగట నల్ల తెర చూపెట్టుకొమ్మనున్రి.”

“ఎంత పని చేసినవే పిల్లా!”

“ఎందుకు, బాధైతుందా? మొగని పరువు పోతదనా?”

“ఆయన పరువు పోతే నాకేమాయె? అయినా పోనే పోదు. కొత్త కంప్యూటర్ల ఏదో ఖరాబుందంటడు, జనం అయ్యో పాపం అంటరు, శాలువ కప్పి పంపిస్తరు. నువ్వు తుడిచింది మీ నాయిన పేరే!”

“అండ్ల మా అబ్బా పేరు ఏడున్నది? రచన యాదగిరి అని కద ఉన్నది?”

“అది పైన. లోపల ఏమున్నదో నీకు చెప్పలేదా హనీఫ్?”

“గొల్లభామ మాట ఎత్తితేనే లేచి బయటికి పోయెటోడు. ఏమున్నది లోపల?”

“ఆఖరి రోజు ప్రెస్సు తాళంచెవి నా చేతుల పెట్టి చెప్పిండు. ‘అక్కా, పత్రిక అడుగున ప్రెస్సోని పేరుంటది, పేర్చినోని పేరు ఎప్పుడన్న చూసినవా? నేను మాత్రం పెట్టుకున్న. పెండ్లి పత్రికలల్ల ఎవ్వడు కొట్టని మాట ఒకటి చూసి, దాని ఎనక దాచిన. అరవై తొమ్మిది ఉద్యమంల మేం పోరగాండ్లం గోడల మీద రాసిన మాట. గా మాట ఎవడన్న ఇండ్ల కొట్టిండంటే, సార్ పేరు పోయి తెర నిండ నా పేరొస్తది. గా మాట కొట్టే రోజు అంటూ వస్తే జనం మళ్ల రోడ్ల మీదికి వచ్చినట్టే. అప్పటిదాక ఉండని’ అన్నడు.”

“మీ ఆయన ఎన్నడు కొట్టలేదా?”

“ఏడాది తిరగకముందే కొత్త మిషిన్లు తెచ్చిండు. పెండ్లిండ్లు, ఓణీలు, దశదినకర్మలు, దీంట్ల కొట్టినయి గవే. అటెనక ఊకె చుట్టాలకు మొదటి తెర చూపెట్టుకునుడే.”

“అరవై తొమ్మిదిల గోడల మీద...”

“రేపు శిబిరం కాడ మా ఆయన మొట్టమొదలు ఏం కొడ్తడనుకుంటున్నవు?”

“యా అల్లా.”

“కొట్టి ఊకోడు. చేతుల మైకుంటది. తెర మీద ఏదొస్తే గది గట్టిగ చదువుతడు. నోరు చదివినంక గని బుర్రకెక్కది ఆయనకు. నలభై ఏండ్ల సంది చూస్తున్న.”

“అంత మంది ముంగట... ఆయన నోటితోని... నేను తుడిచేసిన పెద్దమ్మా. నా చేతులతోని తుడిచేసిన. అబ్బా పేరు నేనే తుడిచేసిన.”

“ఊకో, ఊకో. ఫ్లాపీలల్ల ఉంటదా?”

“ఏ ఫ్లాపీలు?”

“మీ నాయిన ఎత్తుకపోయిండన్న ఫ్లాపీలు. నా బీరువల ఉన్నయి. చీరల కింద. గా రోజు నుంచి గాడనే ఉన్నయి.”

“మీ బీరువల.”

“మా ఆయనే తెచ్చి పెట్టిండు, హనీఫ్ మాట ఎవ్వరు నమ్మొద్దని. ప్రెస్సోళ్లందరు ఈ వాకిట్లనే కుర్చీలేసుకొని కూసున్నరు. ‘ఇంట్ల చూసినవా అమ్మా’ అని నన్నడిగిన్రు. అంత ఎతికిన, లేవు అన్న. బీరువ తాళంచెవి నా నడుముకే ఉండె. హనీఫ్ నా దిక్కు చూసిండు. నేను కింద చూసిన.”

“ఒక్క మాట అంటే అయిపోతుండె.”

“అయిపోతుండె.”

“ఎందుకనలే?”

“భయం అను, మొగడు అను, పిల్లల బతుకు అను. ఏదంటే ఏంది ఇప్పుడు? అనలే. తిట్టు బిడ్డా, నీకు హక్కున్నది.”

“తిడ్త. ఇంకా చాన తిట్టేదున్నది. ముందుగాల ఫ్లాపీలు తేన్రి.”

సుమిత్రమ్మ పట్టుచీర మడతలోంచి నాఫ్తలిన్ వాసన కొట్టే చిన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

“మూడున్నయి. ఇగో, హనీఫ్ దస్తూరే. తారీఖులు గూడ ఏసిండు.”

“గొల్లభామ, ఒకటి. గొల్లభామ, రెండు. గొల్లభామ, ఆఖరుది. షేక్ హనీఫ్... సంతకం గూడ చేసిండు పెద్దమ్మా.”

“కొత్త కంప్యూటర్‌కు ఫ్లాపీ పెట్టే కంత లేదు కద?”

“బయటికెళ్లి తగిలిచ్చేది నా సంచిల ఉన్నది. పాత ఇండ్లు తిరుగుతుంట కద. మీ ఆయన ఏడున్నడో జర చూడున్రి.”

“మూల మీద నిలవడి చేతులు ఊపుతుండు. ఇంకా అయిపోలే. ఏమంటుంది?”

“మొదటిది చదువుతలేదు. బూజు పట్టింది.”

“రెండోది?”

“సగం దాక వచ్చి ఆగింది. ఆగు, ఆగు... లేదు. పోయింది.”

“మూడోది పెట్టు. బిస్మిల్లా అని పెట్టు. మీ నాయిన గట్లనే అనెటోడు.”

“బిస్మిల్లా.”

“ఏమైంది? మాట్లాడవేంది?”

“వచ్చింది.”

“మొత్తం?”

“మొత్తం వచ్చింది పెద్దమ్మా. ఒక్క ఫైలు పోలేదు.”

“ఏడుస్తున్నవా?”

“ఏడుస్తలేను. దుమ్ము.”

“మరి కొత్తదాంట్ల నడువదంటివి ఆయనకు?”

“నడువదన్న. నడిపియ్య రాదని అనలే. పాత కంప్యూటర్ లెక్క నటించే ప్రోగ్రాం ఒకటున్నది నా దగ్గర. గీ అరవై నాలుగు బిట్లదాని కడుపుల తొంభై ఏడు నాటి కంప్యూటర్ ఒకటి కూసుంటది. గొల్లభామ ఇంకా ప్రెస్సులనే ఉన్ననుకొని లేస్తది. ముందుగాల్నే చెప్పొచ్చు మీ ఆయనకు. ఎందుకు చెప్త?”

“నడిపియ్యి. రేపు మంచిగ నడవాలె. ఎక్కడ ఆగొద్దు. డబ్బా నేను సంచిల పెట్టుకొని ముంగటి వరుసల కూసుంట. చదివినంక మా ఆయన ఊకోడు. ఇది హనీఫ్‌గాని కుట్ర, దొంగ ఫ్లాపీల మహిమ అంటడు. అప్పుడు నేను లేస్త.”

“లేస్తరా? నిజంగ లేస్తరా? మళ్ల కింద చూస్తరా?”

“నా మీద నమ్మకం లేదు నీకు. ఉండొద్దు గూడ. రేపు చూడు. అగో, వస్తుండు. చాయ్ చేతుల పట్టుకో.”

“తాగ.”

“తాగకు. ఊకె పట్టుకో.”

యాదగిరి వీధిలోంచే కేకలు వేస్తూ లోపలికి వచ్చాడు.

“ఇరవై అడుగుల తెరట! ఏమైంది బిడ్డా, నీతోని అయితదా, వేరేటోన్ని పిలువాల్నా?”

“అయింది సార్. చూడున్రి.”

“అరే! ‘గొల్లభామ తెలుగు అక్షరాలు, రచన యాదగిరి.’ లేచింది! నడువదంటివి గదనే?”

“లోపల ఒక పాత కంప్యూటర్‌ను కూసోబెట్టిన. అరవై నాలుగోనికి ఏం తెల్వది, పదహారోనికి ఏం తెల్వది. ఎవని లోకంల వాడున్నడు.”

“షాబాష్! నీ చెయ్యి మంచిది బిడ్డా. ఇందాక ఒక మాటన్న, మనసుల పెట్టుకోకు. జరుగు, నేను కొడ్త. ‘శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు.’ సుమిత్రా, ఇటు చూడు, ఒత్తులు ఎంత ముద్దుగ కూసున్నయో కింద! ఒక్కొక్కదాన్ని నేనే కూసోబెట్టిన.”

“తెలుస్తనే ఉన్నది సార్, ఎవరు కూసోబెట్టిన్రో.”

“‘స్త్రీ.’ అడిగితివి గద ఇందాక? ఇగో, చూసుకో. ఇప్పుడు రేపటిది గూడ ఒకసారి కొట్టి చూస్త. ‘జై...’”

“అయ్యో, ఆగున్రి!”

“ఏమయిందే సుమిత్రా, గట్ల మొత్తుకున్నవు?”

“గా మాట ఇంట్ల కొడ్తరా ఎవరన్న? ఇంట్ల కొడితే ఎవరు చూస్తరు, నేనా, ఈ పిల్లనా? రేపు ఊరందరి ముంగట మొట్టమొదటిసారి వడాలె అది. మీ చేతులతోని వడాలె. ఇంట్ల కొట్టి ఎంగిలి చేసుడెందుకు?”

“ఒక్కసారి చూసుకుంటే ఏమైతది? రేపు గాడ తప్పు వడ్తే?”

“నలభై ఏండ్ల ప్రెస్సోళ్లు, మీరు తప్పు కొడ్తరా?”

“గదీ నిజమే. నా చేతుల తప్పు వడుడు ఇంకా పుట్టలే.”

“సార్, అమ్మ చెప్పింది మంచిగున్నది. కరెంటు పోయే టైం గూడ అయింది. నడుమల పోతే మళ్ల మొండికేస్తది.”

“మూసెయ్, మూసెయ్ బిడ్డా. జాగ్రత్త. రేపు నువ్వు గూడ గాడనే ఉండాలె.”

“ఉంట సార్. మా అమ్మీని గూడ తెచ్చుకుంట. ముంగట కూసోబెట్టున్రి మమ్మల్ని.”

“ముంగటేంది, స్టేజీ మీదికే పిలుస్త. నా గొల్లభామను బతికిచ్చిన పిల్ల అని నాలుగు మాటలు చెప్త. నీ పేరేందంటివి?”

“మునీరా.”

“ఉత్త మునీరా అంటే ఎవరు గుర్తువడ్తరు? సిద్దిపేటల తండ్రి పేరు చెప్పాలె. ఎవరి బిడ్డవు?”

“ఇప్పుడెందుకు సార్, రేపు మీ కండ్ల ముంగటనే వడ్తది. మైకుల గట్టిగ చదువున్రి. గట్టిగ చదివితెనే గద తప్పు దొరికేది.”